రిటైరయ్యే నాన్నను హైదరాబాద్ తీసుకుపోవాలా? ముందు మీ అమ్మను అడిగావా?

బిడ్డా, నీ ముచ్చట నాకు అర్థమైన కాడికి ముందు చెప్తాను, తప్పుంటే దిద్దు. మీ నాన్న హనుమకొండలో ఇరిగేషన్ ఆఫీసు సూపరింటెండెంటు. ఈ ఏడాది చివర్లో 61 నిండి రిటైరవుతున్నారు. నువ్వూ నీ భార్యా కూకట్‌పల్లిలో ఉంటారు, ఇద్దరికీ ఉద్యోగాలే, పాపకు రెండేళ్లు. హనుమకొండ ఇల్లు కిరాయికిచ్చి, వీలైతే అమ్మేసి, వాళ్లిద్దరినీ మీ దగ్గరికి తెచ్చుకోవాలని నీ ఆలోచన. ఆయన ససేమిరా అంటున్నారు. పైగా ఎప్పుడు చూసినా టీవీ ముందే, ఫోన్ చేస్తే రాజకీయాల మీద లొల్లే. ఇల్లు ఇప్పుడే నీ పేరిట గిఫ్ట్ డీడ్ చేయించుకోవాలా, రిటైర్మెంటు పైసలు ఎక్కడ పెట్టాలి, ఫంక్షన్‌కు ఆయనకు ఏం కొనివ్వాలి అని కూడా అడిగావు.

నేను హనుమకొండలో ట్రెజరీ ఆఫీసులో పనిచేసి రిటైరైన దాన్ని. మా కాలంలో 58కే ఇంటికి పంపేవారు, 61 చేసింది 2021లో. మా సారు, అంటే మా ఆయన, లెక్కల టీచరు, నాకంటే ముందే రిటైరయ్యారు. అందుకని పెన్షన్ కాగితాల్లో ఎక్కడ ముడి పడుతుందో తెలుసు, రిటైరైన మగమనిషి ఇంట్లో ఎట్లా మసలుతాడో కూడా తెలుసు. రెండోది తెలుసుకోవడమే కష్టమైంది.

నీ ప్రశ్నలో నాన్న గురించి పేజీ నిండా రాశావు. అమ్మ గురించి ఒక్కటే ముక్క: “అమ్మకు ఎక్కడైనా ఒకటే.” ఆ మాట ఆమె అన్నదా, నువ్వే అనుకున్నావా?

మీ నాన్న రిటైరైన మర్నాటి నుంచి మీ అమ్మకు పని పెరుగుతుంది. ఇన్నేళ్లూ పొద్దున డబ్బా కట్టి ఆయన్ను పంపితే సాయంత్రం దాకా ఇల్లు ఆమెది. ఆ నడిమి గంటల్లోనే ఆమె కునుకు, ఆమె సీరియల్, పక్కింటామెతో ముచ్చట, చెల్లెలికి ఫోను. ఇక మీదట పదకొండింటికి చాయ్, పన్నెండింటికి “ఇయ్యాల కూరేంది?”, మూడింటికి మళ్లీ చాయ్, నడుమ ఎవరైనా స్నేహితుడొస్తే ఇంకో రెండు. మా సారు రిటైరైన కొత్తలో నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి సింకు నిండా చాయ్ గ్లాసులే. పెట్టుకుని తాగడం తొందరగానే వచ్చింది, కడగడం దాకా రావడానికి చాలా రోజులు పట్టింది. ఇప్పుడు మా ఇంట్లో పొద్దుటి టిఫిన్ ఆయనదే. సర్వపిండి నాకంటే బాగా చేస్తారు. అడుగు మందంగా ఉన్న గిన్నెకు లోపలంతా పల్చగా పిండి అద్ది, వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో నూనె చుక్క వేసి మూత పెడతారు. వేడి గిన్నెకే రెండో వాయి అద్దబోయి మొదట్లో వేళ్లు చురుక్కుమనిపించుకున్నారు. ఇప్పుడు రెండు గిన్నెలు పెట్టుకుంటారు, ఒకటి పొయ్యి మీద ఉంటే ఇంకొకటి బోర్లించి నీళ్లు పోసి చల్లారుస్తారు. లెక్కల మాస్టారు కదా, ఏ గిన్నె ఎన్ని నిమిషాలో కూడా చెప్తారు.

ఇదంతా చెప్పడం మీ నాన్నకు వంట నేర్పమని కాదు. మీ అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు, ఆయన ఎదురుగా లేనప్పుడు, అడుగు. “అమ్మా, నీకెక్కడ బాగుంటది?” అని. మా ఆడవాళ్లకు ఆయన ముందు అడిగితే “మీ నాన్న ఎట్లంటే గట్ల” అనడం నోటికి అలవాటు. బతుకమ్మ తొమ్మిది రోజులూ వాకిట్లో పాడుకోవడానికి ఆమెకొక గుంపు ఉండి ఉంటుంది. ఎంగిలిపూల నాడు గునుగు, తంగేడు ఎక్కడ దొరుకుతాయో, సద్దుల నాడు పద్మాక్షి గుట్టకు ఎవరితో కలిసి పోవాలో ఆమెకు తెలుసు. మీ గేటెడ్ కమ్యూనిటీలో కూడా బతుకమ్మ ఆడతారు, నేనూ చూశాను. డీజే పెట్టి ఆడతారు, నడి వయసు దాటిన వాళ్లం కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొడతాం.

తర్వాత ఇంకో మాట సూటిగా అడుగుతాను, కోపం తెచ్చుకోకు. వాళ్లను చూసుకోవడానికి రమ్మంటున్నావా, పాపను చూసుకోవడానికి రమ్మంటున్నావా? రెండోదైనా తప్పేమీ లేదు. మనవరాలిని పెంచడం ఏ తాతకూ బాపమ్మకూ బరువు కాదు. కానీ ఉన్నమాట చెప్పి పిలవాలి. “మీరు ఒంటరిగా ఉంటారని పిలుస్తున్నాం” అని తీసుకుపోయి, పొద్దున ఎనిమిదింటికి పాపను చేతిలో పెట్టి రాత్రి ఎనిమిదింటికి వస్తే వాళ్లకు వారంలోనే తెలిసిపోతుంది. పైకి అనరు. కాళ్ల నొప్పులనో, హైదరాబాద్ నీళ్లు పడటం లేదనో చెప్పి టికెట్ బుక్ చేయమంటారు.

నేనూ మా బిడ్డ దగ్గర కొండాపూర్‌లో ఉన్నాను, మనవడు చిన్నగా ఉన్నప్పుడు. మా అల్లుడు బంగారం లాంటి మనిషి, లోటేమీ చేయలేదు. అయినా పన్నెండో అంతస్తులో పగలంతా తలుపు తట్టేది డెలివరీ పిల్లలే. వాళ్లకు మనతో పనేమీ ఉండదు, ఓటీపీతో పని. ఇక్కడ మా గేటు చప్పుడైతే ఎవరో నన్నడగడానికి వచ్చారని అర్థం. నీ ప్రశ్నకు నా దగ్గరున్న జవాబంతా ఇదే నాయనా. మీ నాన్న ఏ ఊర్లో ఉండాలన్నది తర్వాతి సంగతి. రిటైరయ్యాక ఆయన్ను వెతుక్కుంటూ ఎవరొస్తారు, ఏం పని మీద వస్తారు? అది తేలితే ఊరు దానంతటదే తేలుతుంది. అది తేలకపోతే హనుమకొండలో ఉన్నా టీవీనే, కూకట్‌పల్లిలో ఉన్నా టీవీనే.

సూపరింటెండెంటు కుర్చీ అంటే ఏమిటో నీకు తెలియకపోవచ్చు. ఫైలు కింది నుంచి పైకి పోవాలన్నా, పై నుంచి కిందికి రావాలన్నా ఆయన బల్ల మీదుగానే. ముప్పై ఏళ్లు జనం “సారూ, నా కాయిదం ఏమైంది” అని ఆయన్ను అడిగారు. శాలువా కప్పిన మర్నాడు అడిగేవాడు ఒక్కడు ఉండడు. బుర్రలో రూల్సన్నీ అట్లాగే ఉంటాయి, వాడటానికి చోటు ఉండదు. అప్పుడు టీవీలో ఎనిమిదింటి డిబేట్ దొరుకుతుంది. అక్కడ ముఖ్యమంత్రి దగ్గర్నుంచి కార్పొరేటర్ దాకా అందరి ఫైళ్లూ ఈయన ముందుకే వస్తాయి. నువ్వు ఫోన్ చేసే సమయానికి ఆయన ఇంకా ఆఫీసులోనే ఉంటారన్నమాట. నువ్వు ఎదురు వాదిస్తే ఇంకా ఎక్కువవుతుంది. వాదించకు. ఆయన తిట్టే విషయం ఊళ్లో ఎక్కడుందో అక్కడికి పంపు.

మా సారుకు అట్లాగే జరిగింది. 2024 నవంబరులో భద్రకాళి చెరువు పూడిక తీయడానికి నీళ్లన్నీ వదిలేశారు. ఎండిన చెరువును టీవీలో చూసి ఈయనకు ఒకటే ఆవేశం, చెరువును చంపేస్తున్నారని. నాకు వినీవినీ చెవులు దిబ్బళ్లు పడి, “పోయి చూసి రండి, కట్ట మీదికి పది నిమిషాల నడక” అన్నాను. పోయారు. అక్కడ లారీలు ఎట్లా తిరుగుతున్నాయి, మట్టి ఎక్కడ పోస్తున్నారు, తూము ఎక్కడుంది అని చూసుకుంటూ కట్ట మీద తిరిగే ఇంకో నలుగురు పెద్దమనుషులతో కలిశారు. ఇప్పుడు పొద్దున నడక వాళ్లతోనే. తిట్టడం మానలేదు, కానీ చూసి తిడుతున్నారు. పూడిక మంచిదా కాదా అన్న దాని మీద ఆయన అభిప్రాయం కూడా సగం మారింది, పూర్తిగా మారిందని మాత్రం ఒప్పుకోరు.

మీ నాన్న విషయంలో అయితే ఇది ఇంకా సులువు. ఆయన ఇరిగేషన్ మనిషి. 2023 జూలై వానలకు మన ఊరు ఎట్లా మునిగిందో, భూపాలపల్లి వైపు మోరంచపల్లి ఊరికి ఊరే వరదలో చిక్కి ఏమైందో నీకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత నయీంనగర్ నాలా మీద పాత వంతెన కూలగొట్టి కొత్తది కట్టారు. అయినా 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వానకు కాలనీలు మళ్లీ మునిగాయి. కాకతీయులు గొలుసుకట్టుగా చెరువులు తవ్వించిన ఊరు ఇది. ఒక చెరువు అలుగు నీళ్లు ఇంకో చెరువులోకి పోవాలి. ఆ నడిమి దారిలో మనం ఇళ్లు కట్టుకున్నాం. శిఖం భూమి (చెరువు లోపలి భూమి) అంటే ఏమిటో, ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు నిండితే నీళ్లొచ్చే హద్దు, ఎక్కడ పోతుందో, ఏ కాలువ ఎందులో కలుస్తుందో కాగితం చూసి చెప్పగలిగిన వాళ్లు మీ కాలనీలో ఎంతమంది ఉన్నారు? మీ నాన్న ఒక్కరే ఉండి ఉంటారు. కాలనీ సంఘం వాళ్లు కార్పొరేషన్‌కు పెట్టే దరఖాస్తులు చూశాను నేను. “మా సమస్య పరిష్కరించగలరు” అని రెండు లైన్లు, కింద నలభై సంతకాలు. ఏ నాలా, ఎక్కడి నుంచి ఎక్కడికి, సర్వే నంబరు ఎంత, ఏమీ ఉండదు. అట్లాంటి దరఖాస్తు ఆఫీసులో ఏమవుతుందో మీ నాన్నకు నాకంటే బాగా తెలుసు. ఆయన రాస్తే వేరేగా ఉంటుంది. నువ్వు చేయాల్సిందల్లా సంఘం సెక్రటరీకి ఫోన్ చేసి, నాన్న ఫలానా నెలలో ఖాళీ అవుతున్నారని ఒక మాట చెవిన వేయడం. నువ్వు చెప్పినట్టు ఆయనకు తెలియనీయకు.

మా వరండా సంగతి చెప్తాను. రిటైరైన కొత్తలో ఎవరో ఒకామె పెన్షన్ పడలేదని వస్తే చూసి పెట్టాను, అంతే. ఆ నోటా ఈ నోటా పోయి ఇప్పుడు వారంలో మూడు నాలుగు రోజులు ఎవరో ఒకరు వస్తారు. మొన్న పరకాల వైపు నుంచి ఒక పెద్దామె వచ్చింది. భర్త ఏదో ఆఫీసులో అటెండరు చేసి రిటైరై, పోయిన ఏడాది పోయాడు. ఫ్యామిలీ పెన్షన్ రావాలి. కాగితాలన్నీ బట్టల షాపు కవర్లో మడిచి, దానికి రబ్బరు బ్యాండు వేసి తెచ్చింది. పెన్షన్ ఆర్డర్లో ఆమె పేరు చివర ‘అవ్వ’ అని ఉంది. ఆధార్లో ‘అమ్మ’ అని ఉంది. బ్యాంకు పాసుబుక్కులో ఇంటిపేరు ముందు ఒకటే అక్షరం. ఊళ్లో అందరూ ఆమెను రెండు రకాలుగానూ పిలుస్తారు, ఆమెకది తేడాగానే అనిపించలేదు. “పేరు నాదే గద బిడ్డా, మొగడు నా మొగడే గద” అంటుంది. కంప్యూటరుకు ఆ మాట చెప్పలేం కదా. ముందు ఆధార్ దిద్దించాలి, తర్వాత బ్యాంకు, ఆ తర్వాత మిగతావి. వరస తప్పితే మళ్లీ మొదటికొస్తుంది. ఏ కాగితం తర్వాత ఏ కాగితమో ఒక తెల్లకాగితం మీద అంకెలు వేసి రాసిచ్చాను. చదువు రాదు కనుక మనవడికి చూపించమన్నాను. పోతూ పోతూ సంచిలోంచి నాలుగు సొరకాయలు తీసి గట్టు మీద పెట్టింది. వద్దంటే వినలేదు.

దేశంలో ఏం జరుగుతోందో నాకు ఈ వరండాలోనే తెలుస్తుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయ్యాక నా దగ్గరికి వచ్చే వాళ్లు పెరిగారు. అంతకుముందు ములుగు నుంచో నర్సంపేట నుంచో కాగితం పట్టుకుని రావాలంటే కూలి పోవడం ఒకటి, చార్జీ ఒకటి. ఇప్పుడు ఆధార్ చూపించి జీరో టికెట్ మీద వస్తున్నారు. బస్సుల్లో నిలబడటానికి చోటు లేదని మా సారు సణుగుతారు, అదీ నిజమే. నేనూ మా పాత ఆఫీసు ఆడవాళ్లూ కలిసి రామప్పకు పోయొచ్చాం. ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర దిగి ఆటో. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పక్కనే ఉన్న గుడికి పోలేదు, 2021లో యునెస్కో వాళ్లు గుర్తింపు ఇచ్చాక పోవాలనిపించడం మాకే నవ్వొచ్చింది. రేషన్‌లో 2025 ఉగాది నుంచి సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టాక కార్డుల్లో పేర్లు ఎక్కించుకునే కాగితాలు ఎక్కువయ్యాయి. అదే ఏడాది ధరణి పోయి భూభారతి వచ్చింది, అప్పటి నుంచి భూమి కాగితాలు కూడా తెస్తున్నారు. అవి నాకు రావు, తెలిసినవాళ్ల దగ్గరికి పంపిస్తాను. డిబేట్లో అరిచేవాళ్లు ఈ పథకాల మీద ఏమంటారో నాకు తెలియదు, ఎవరి ఇంట్లో ఏది అందిందో, ఏది అందలేదో మాత్రం తెలుస్తుంది.

ఇక పైసలు. ఇక్కడ కొంచెం గట్టిగా చెప్తాను.

రిటైర్మెంట్ రోజునే పైసలన్నీ చేతిలో పడతాయని లెక్క వేసుకోకు. 2021 మార్చిలో వయసు 61 చేశారు కాబట్టి మూడేళ్లు రిటైర్మెంట్లు ఆగినట్టే అయి, 2024 మార్చి నుంచి ఒక్కసారిగా మొదలయ్యాయి. అప్పటి నుంచి గ్రాట్యుటీ, కమ్యూటేషన్, జీపీఎఫ్ (జీతంలోంచి దాచుకున్న ప్రావిడెంట్ ఫండ్), లీవుల పైసలు ఆలస్యమవుతున్నాయని పెన్షనర్లు ధర్నాలు చేయడం పేపర్లలో నువ్వూ చూసే ఉంటావు. మీ నాన్న 2004 సెప్టెంబరుకు ముందు చేరిన వారే కనుక పాత పెన్షనే, నెలనెలా వచ్చేదానికి ఢోకా లేదు. ఒకేసారి వచ్చే మొత్తం మాత్రం ఎప్పుడొస్తుందో చెప్పలేం. కనుక దాన్ని నమ్మి ఫ్లాటుకు అడ్వాన్సు ఇవ్వకు. నీ ప్రశ్నలో “కొత్త ఫ్లాటు” అన్న మాట మధ్యలో ఒకచోట జారింది, నేను గమనించాను.

కమ్యూటేషన్ అంటే పెన్షన్‌లో 40 శాతం దాకా ముందే అమ్ముకుని మొత్తం ఒకసారే తీసుకోవడం. ఆ కోత 15 ఏళ్లు ఉంటుంది, తర్వాత పూర్తి పెన్షన్ మళ్లీ వస్తుంది. 61కి తీసుకుంటే 76 దాకా తగ్గించిన పెన్షనే. మోకాళ్లు, షుగరు, కళ్లు, అన్నీ ఖర్చుకొచ్చే వయసు అదే. ఆ మొత్తాన్ని నీ లోనుకు కట్టేస్తే ఆయన 76 ఏళ్లు వచ్చేదాకా నీ ఈఎంఐ కడుతున్నట్టే. తీసుకోవద్దని నేననను, చాలామంది తీసుకుంటారు. తీసుకున్నది వాళ్లిద్దరి పేరు మీదే ఉండాలంటాను. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో 60 దాటిన వాళ్లు ఒకరు 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు. ఇప్పుడు 8.2 శాతం వడ్డీ, మూడు నెలలకోసారి ఖాతాలో పడుతుంది, గడువు ఐదేళ్లు. ఆరు నెలల ఇంటి ఖర్చు మామూలు ఖాతాలో, మిగతాది ఇట్లాంటి చోట. ఇంతకంటే తెలివైన ఐడియా ఎవరైనా చెప్తే వాళ్ల కమిషన్ ఎంతో అడుగు.

ఐడియాలు చెప్పేవాళ్లు వరస కడతారు, చూస్తుండు. మామునూరు ఎయిర్‌పోర్టుకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం సరేననగానే మా వాడకట్టులో ప్లాట్లు అమ్మేవాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. 1981 దాకా అక్కడ విమానాలు దిగేవి, మళ్లీ దిగితే అందరికీ సంతోషమే. కానీ “ఎయిర్‌పోర్టుకు ఐదు నిమిషాలు” అని చెప్పే వెంచరుకు లేఔట్ పర్మిషన్ ఉందా, ఎల్‌ఆర్‌ఎస్ (పర్మిషన్ లేని లేఔట్‌ను క్రమబద్ధం చేయించుకునే రుసుం) కట్టారా అని అడిగితే మాట మారుస్తారు. రిటైరైన వాళ్ల పేర్లు వాళ్లకు ఎట్లా తెలుస్తాయో కానీ ఆ నెలలోనే ఫోన్ వస్తుంది. ప్రీ లాంచ్ ఫ్లాట్లు, తెలిసినవాడి చిట్టీ, నూటికి రెండు రూపాయల వడ్డీ, అన్నీ ఆ నెలలోనే వస్తాయి. మీ నాన్నకు నేరుగా “వద్దు” అంటే రోషం వస్తుంది. “ఆరు నెలలు ఆగి పెట్టుదాం నాన్నా” అను.

ఫోన్ మోసాలు ఇంకో గోల. “ట్రెజరీ నుంచి మాట్లాడుతున్నాం, మీ లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ కాలేదు, ఓటీపీ చెప్పండి” అంటారు. ఇన్నేళ్లు పనిచేసిన దాన్ని, చెప్తున్నాను: ట్రెజరీ ఓటీపీ అడగదు. లైఫ్ సర్టిఫికెట్ ఏడాదికోసారి మీసేవలోనో ఫోన్ యాప్‌లోనో మనమే ఇవ్వాలి. వాట్సాప్‌లో చలానా అనో పథకం అనో వచ్చే ఏపీకే ఫైలు (నొక్కితే ఫోన్లో యాప్ ఎక్కించేది) ముట్టుకోవద్దని చెప్పు. పోలీసులమని వీడియో కాల్‌లో బెదిరించి కదలనివ్వని ‘డిజిటల్ అరెస్టు’ అన్నది చట్టంలోనే లేదు. మా వీధిలో రిటైరైన లెక్చరర్ ఒకాయన పొద్దంతా గది తలుపు వేసుకుని వీడియో కాల్ ముందు కూర్చున్నారు, ఇంట్లో వాళ్లకు చెబితే వాళ్లనూ పట్టుకుపోతామన్నారట. చాయ్ ఇవ్వడానికి తలుపు కొట్టిన ఆయన భార్యే ఫోన్ లాక్కుని కట్ చేసింది. ఒకవేళ పైసలు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి కొట్టాలి. మొదటి గంటలో చేస్తే ఆ పైసలను దారిలోనే ఆపే అవకాశం ఎక్కువ. సిగ్గుపడి సాయంత్రం దాకా ఆగితే ఎన్ని ఖాతాలు మారతాయో తెలియదు. ఆ నంబరు మీ అమ్మ ఫోన్లో కూడా వేసిపెట్టు.

ఇల్లు నీ పేరిట ఇప్పుడే రాయించుకోవాలా అన్నావు. వద్దు. నీ మీద అనుమానంతో అనడం లేదు. గిఫ్ట్ డీడ్ రిజిస్ట్రీ అయ్యాక ఇచ్చినవాళ్లు ఇష్టమొచ్చినప్పుడు వెనక్కి తీసుకోలేరు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, బాగోగులు చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చి ఉంటే, చూసుకోనప్పుడు ఆర్డీఓ దగ్గరుండే ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయొచ్చు. అట్లా రద్దు చేసినప్పుడు ఇల్లు ఖాళీ చేయించి అప్పగించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ అక్కడిదాకా పోయిన ఇంట్లో ఇక మిగిలేదేముంది? మీ నాన్న వీలునామా రాస్తే చాలు. తెల్లకాగితం మీదైనా చెల్లుతుంది, ఇద్దరు సాక్షులు సంతకం పెట్టాలి, రిజిస్ట్రీ తప్పనిసరి కాదు కానీ చేయిస్తే తర్వాత పేచీ తక్కువ. బతికున్నంత కాలం మార్చుకోవచ్చు. అందులో మీ అమ్మ ఉన్నంతకాలం ఇల్లు ఆమెదేనని ముందు రాయమను. నీకు అక్కచెల్లెళ్లు ఉన్నారో లేదో రాయలేదు. ఉంటే వాళ్లకు తెలియకుండా ఏ కాగితమూ నడిపించకు, ఆడబిడ్డలు బోనానికీ బతుకమ్మకూ రాని ఇల్లు ఎంత పెద్దదైనా ఏం లాభం?

అమ్మే మాట మాత్రం ఎత్తనే ఎత్తకు. మేడారం రెండేళ్లకోసారి వస్తుంది, మొన్న 2026 జనవరిలోనూ అయింది. పాప ఎత్తు బంగారం (అంటే బెల్లం) తూచాలన్నా, దసరాకు జమ్మి ఆకు పట్టుకుని పెద్దల కాళ్లు మొక్కాలన్నా మీరు దిగడానికి ఇక్కడొక ఇల్లుండాలి. కోతులకు భయపడి వరండాకు గ్రిల్లు కొట్టించాలి, ఆ ఖర్చు పెట్టుకో. రాకపోకలంటావా, ఉప్పల్ దాకా బస్సు, అక్కడ మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే కూకట్‌పల్లి. మీ అమ్మకు ఎక్స్‌ప్రెస్ బస్సు ఫ్రీనే. పాప కోసం వాళ్లు నెలలో ఒక వారం పది రోజులు రావడం, పండుగకు మీరు పోవడం, ఏడాది ఇట్లా నడిపి చూడండి. మిగిలిన రోజులకు పాపను చూసుకునే మనిషిని పెట్టుకో. ఖర్చే, కానీ మీ అమ్మ చేసే పనికి ఖరీదు ఎంతో అప్పుడు తెలుస్తుంది. ఒంట్లో బాగా లేని రోజు వస్తే అప్పుడు వాళ్లను తీసుకుపోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఇద్దరిలో ఒకరే మిగిలిన రోజు లెక్క మళ్లీ వేరు, దానికి ఇప్పుడే జవాబు రాసుకోకు.

ఫంక్షన్‌కు ఏం కొనివ్వాలన్నావు కదా. శాలువాలు ఎట్లాగూ ఇరవై వస్తాయి, గోడ గడియారాలు మూడు వస్తాయి, దేవుడి ఫోటోల సంగతి చెప్పనక్కర్లేదు. స్మార్ట్ వాచీ ఇస్తే నెల తిరక్కుండా డ్రాయరులో పడుతుంది. స్కాన్ చేసి జిరాక్సు తీసే ప్రింటర్ ఒకటి కొనివ్వు. సిరా పోసుకునే ట్యాంకు రకం చూడు, కాట్రిడ్జి వాటికి ఖర్చు తడిసి మోపెడవుతుంది. వరండాలో పెట్టడానికి బల్ల, ఎదుటి మనిషికి ఒక కుర్చీ కూడా చూడు. దసరాకు వచ్చినప్పుడు బిగించి, మొదటి కాగితంగా మీ నాన్న సర్వీసు రిజిస్టరులో మీ అమ్మ పేరున్న పేజీ, మీ అమ్మ ఆధార్ రెండూ జిరాక్సు తీసి పక్కపక్కన పెట్టి చూడు. అక్షరం తేడా ఉంటే ఆ సెలవుల్లోనే ఆధార్ సెంటర్‌కు తీసుకుపో. పొద్దున పదింటికల్లా పోతే లైను తక్కువ ఉంటుంది.